చూసింది చూసినట్టు రాయండి: మూర్ఛ గురించి ప్రధానోపాధ్యాయులకు, వార్డెన్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన హైస్కూలు ప్రధానోపాధ్యాయులకు, సంక్షేమ హాస్టళ్ళ వార్డెన్లకు, పీఈటీలకు,

నమస్కారం.

బడులు తెరిచే రోజులు. అడ్మిషన్లు, పుస్తకాలు, యూనిఫారాల హడావిడిలో ఉంటారు. అయినా ఓ పావుగంట ఈ ఉత్తరానికి కేటాయించండి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఫిట్స్ వచ్చే పిల్లలకు వైద్యం చేసేవాళ్ళం, ఈఈజీ తీసేవాళ్ళం, మందులు లెక్కపెట్టి ఇచ్చేవాళ్ళం కలిసి రాస్తున్నాం. పిల్లను మా దగ్గరికి తీసుకొచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది ఆ ఫిట్‌ను కళ్ళతో చూసి ఉండరు. అది వచ్చింది బడిలో, చూసింది మీరు. వాళ్ళు మాకు చెప్పగలిగేది "బళ్ళో పడిపోయిందంట సార్" అన్న ఒక్క మాట. ఆ ఒక్క మాట పట్టుకుని మేం ఫిట్ రకం తేల్చాలి, దానికి తగ్గ మందు ఎంచాలి.

స్కానింగులున్నాయి కదా, ఈఈజీ ఉంది కదా అనుకుంటారు. ఈఈజీ అంటే మెదడు విద్యుత్తును గీతలుగా పట్టే పరీక్ష. తీసిన ఆ అరగంటలో మెదడు ప్రశాంతంగా ఉంటే గీతలూ ప్రశాంతంగానే ఉంటాయి. మూర్ఛ ఉన్నవాళ్ళలో దాదాపు సగంమందికి మొదటిసారి తీసిన ఈఈజీలో ఏమీ కనపడదు. ఎమ్మారై మచ్చనో, తిత్తినో చూపిస్తుంది గానీ ఫిట్ ఎలా వచ్చిందో చూపించదు. చూసినవాళ్ళు చెప్పే మాటే ఈ జబ్బులో మొదటి పరీక్ష. కాబట్టి మేం అడగబోయేది ఒకటే: ఫిట్ వచ్చినప్పుడు గడియారం చూసి, చూసింది చూసినట్టు ఒక పుస్తకంలో రాసిపెట్టండి. ఏం చూడాలో తెలిస్తేనే గదా రాసేది, అందుకే ఉత్తరం ఇంత పొడుగైంది.

ముందు ఒక తేడా. ఫిట్ అంటే ఒక సంఘటన, మూర్ఛ అంటే జబ్బు. మెదడులోని కణాలు సన్నటి విద్యుత్ సంకేతాలతో పనిచేస్తాయి. వాటిలో ఒక గుంపు ఉన్నట్టుండి ఒకే తాళానికి, అదుపు లేకుండా సంకేతాలు వదిలితే వచ్చేది ఫిట్. రక్తంలో చక్కెర పడిపోయినా, సోడియం తగ్గినా, తలకు దెబ్బ తగిలినా ఎవరికైనా ఫిట్ రావచ్చు. అలాంటిదాన్ని మూర్ఛ జబ్బు అనం. అప్పటికప్పటి కారణమేదీ లేకుండా, 24 గంటలకు మించిన తేడాతో కనీసం రెండుసార్లు వస్తే మూర్ఛ. ఒక్కసారే వచ్చినా, రాబోయే పదేళ్ళలో మళ్ళీ వచ్చే అవకాశం 60 శాతమో అంతకు ఎక్కువో ఉందని తేలితే దాన్నీ మూర్ఛ కిందే లెక్కగట్టి మందు మొదలుపెడతాం. ఇది 2014 నుంచి ప్రపంచమంతా వాడుతున్న నిర్వచనం. ఊళ్ళో కాకిసోమాల అన్నా, ఆయుర్వేదంలో అపస్మారం అన్నా, మా చీటీ మీద ఎపిలెప్సీ అని ఉన్నా జబ్బు ఇదే. ఇది అంటుకోదు. పిచ్చి కాదు. అంటుకుంటుందేమోనని పక్క బెంచీ ఖాళీ చేయించడం ఇంకా అక్కడక్కడా జరుగుతూనే ఉంది. దాని గురించి ఇంతకంటే రాయాలని లేదు.

పాతకాలం పుస్తకాల్లో పెద్ద మూర్ఛ, చిన్న మూర్ఛ అని రెండే ఉండేవి. 2017లో వచ్చిన వర్గీకరణ మూడు ప్రశ్నలు అడుగుతుంది. ఫిట్ మెదడులో ఒక చోట మొదలైందా, రెండు వైపులా ఒకేసారి మొదలైందా? ఆ సమయంలో మనిషికి ఎరుక ఉందా? మొదట కనపడింది కదలికా, లేక కదలిక లేకుండా మరేదైనానా? ఈ మూడింటికీ సగం జవాబులు మీ కళ్ళ ముందే ఉంటాయి.

అందరికీ తెలిసిన రకంతో మొదలుపెడతాం. పిల్ల ఉన్నట్టుండి ఒక కేక పెడుతుంది. అది భయంతోనో నొప్పితోనో పెట్టింది కాదు. ఛాతీ కండరాలు ఒక్కసారిగా బిగుసుకుని, మూసుకున్న స్వరతంత్రుల మధ్య నుంచి గాలి బయటికి తోసుకొచ్చిన శబ్దం. తర్వాత 10 నుంచి 20 సెకన్లు ఒళ్ళంతా కర్రలా బిగుస్తుంది. ఊపిరి ఆగినట్టుంటుంది, పెదాలు నీలిరంగుకు తిరుగుతాయి. ఆ తర్వాత చేతులూ కాళ్ళూ లయగా కొట్టుకోవడం మొదలవుతుంది. మొదట వేగంగా, పోనుపోను మధ్యలో ఎడం పెరుగుతూ ఆగిపోతుంది. మొత్తం కలిపి ఒకటి నుంచి మూడు నిమిషాలు. నాలుక పక్క భాగం తెగొచ్చు, ఒంటేలు పడొచ్చు. ఆగాక గురక పెడుతూ మొద్దునిద్ర, లేచాక అయోమయం, ఒళ్ళు నొప్పులు. ఈ రకాన్ని ఎవరూ పొరబడరు. మిగతా రకాలన్నీ బడిలో మరో పేరుతో చలామణీ అవుతుంటాయి, అక్కడే చిక్కు.

ఉదాహరణకు ఒకటి నుంచి అయిదు తరగతుల్లో పిల్లవాడు ఎక్కం అప్పజెబుతూ "ఏడు ఆర్ల..." దగ్గర ఆగిపోతాడు. కళ్ళు శూన్యంలోకి చూస్తుంటాయి, రెప్పలు సన్నగా కొట్టుకుంటాయి. పది పదిహేను సెకన్ల తర్వాత "నలభై రెండు" అని ఏమీ జరగనట్టే అందుకుంటాడు. కింద పడడు, నురగ రాదు. మీరు పెట్టే పేరు పరధ్యానం. మేం పెట్టేది ఆబ్సెన్స్ ఫిట్. సాధారణంగా నాలుగు, పదేళ్ళ మధ్య మొదలవుతుంది. రోజుకు పదులకొద్దీ రావచ్చు, అంటే పాఠంలో అక్కడక్కడా పేజీలు చిరిగిపోయినట్టే. నిజమైన పరధ్యానమైతే భుజం తడితే ఉలిక్కిపడి చూస్తాడు. ఆబ్సెన్స్‌లో ఉన్న పిల్లవాడు ఆ కొన్ని సెకన్లూ తట్టినా పలకడు. పైగా పరధ్యానం విసుగు పుట్టినప్పుడు వస్తుంది, ఇది మాట మధ్యలో, ముద్ద మధ్యలో, ఆట మధ్యలో కూడా వస్తుంది. మా దగ్గర కాగితం ముక్క ముందు పెట్టి మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి తీసి వదలమంటే మందు వాడని పిల్లల్లో చాలామందికి అక్కడికక్కడే ఒకటి వచ్చి కనపడుతుంది. ఈ పరీక్ష మీరు చేయొద్దు. "మాట మధ్యలో ఆగాడు, పిలిస్తే పలకలేదు, 12 సెకన్లు" అని రాస్తే చాలు.

హాస్టళ్ళలో ఇంకో రకం. పదో తరగతి, ఇంటర్ వయసు పిల్ల. పొద్దున్నే లేచాక చేయి ఒక్కసారి అదిరి పళ్ళు తోముకునే బ్రష్ ఎగిరిపోతుంది, టీ గ్లాసు జారిపోతుంది. స్పృహ బాగానే ఉంటుంది కాబట్టి ఎవరూ దాన్ని ఫిట్ అనుకోరు. "చేతిలో వస్తువు నిలవదు దీనికి" అని తిట్టి ఊరుకుంటారు. ఒకరోజు ఈ అదుర్లు వరసగా వచ్చి పెద్ద ఫిట్‌లోకి పోతాయి. అప్పుడు ఆసుపత్రికి వస్తారు, పొద్దుటి అదుర్ల సంగతి ఎవరూ చెప్పరు. దీన్ని జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అంటారు. నిద్ర చెడితే పెరుగుతుంది. పరీక్షల ముందు రాత్రిళ్ళు మేలుకోవడం, మన దగ్గర పొగాకు క్యూరింగ్ రోజుల్లో ఇంట్లోవాళ్ళకు తోడుగా బ్యారన్ దగ్గర జాగారం చేయడం, రొయ్యల గుంట మీద రాత్రి కాపలాకు పోవడం, ఇవన్నీ దీనికి గిట్టవు.

మూడోది ఇంకా చిక్కైనది, ఎరుక తప్పే ఫోకల్ ఫిట్, అంటే మెదడులో ఒక చోట మొదలయ్యేది. పొట్టలోంచి ఏదో పైకి తన్నుకొచ్చినట్టు అనిపిస్తుందని, కారణం లేకుండా భయం వేస్తుందని పిల్లలే చెబుతారు. ఆ తర్వాత చూపు నిలిచిపోతుంది. పెదాలు చప్పరించడం, నములుతున్నట్టు దవడ ఆడించడం, చొక్కా గుండీలు లాగడం, బెంచీ గీరడం. కొందరు లేచి నడుస్తారు కూడా. అర నిమిషం నుంచి రెండు నిమిషాలు. ఆగాక వెంటనే తేరుకోరు, అయిదు పది నిమిషాలు తికమకగా ఉంటారు. టీచరు అడిగినదానికి జవాబివ్వకుండా క్లాసులోంచి నడిచి వెళ్ళిపోయిన పిల్లవాడికి బడిలో ఏం పేరొస్తుందో మీకు తెలుసు. పొగరని దెబ్బలు పడ్డవాళ్ళూ, గాలి సోకిందని తాయెత్తు కట్టించుకున్నవాళ్ళూ ఈ రకంలోనే ఎక్కువ. ఇలాంటి పిల్లలను ఆ తికమకలో గట్టిగా పట్టుకుంటే విదిలించుకుంటారు, కొట్టొచ్చు కూడా. దాన్ని దాడి అనుకోకండి. మెట్లూ రోడ్డూ నీళ్ళూ ఉన్న వైపు పోకుండా పక్కన నడుస్తూ మెల్లగా మళ్ళించండి.

ఎరుక చెడకుండా వచ్చే ఫోకల్ ఫిట్లూ ఉన్నాయి. ఒక చేతి వేళ్ళు కొట్టుకోవడం మొదలై అది మోచేతికి, భుజానికి, ముఖానికి పాకుతుంది, పిల్లవాడు భయంగా చూస్తూనే ఉంటాడు. ఆగాక ఆ చేయి కాసేపు చచ్చుపడినట్టుంటుంది. ఇక్కడ మాకు కావాల్సింది ఒక్క మాటే: కుడా, ఎడమా? పెద్ద ఫిట్ వచ్చినప్పుడు కూడా మొదటి అయిదు సెకన్లలో తల ఎటు తిరిగింది, ఏ చేయి ముందు బిగిసింది అన్నది చెబితే మెదడులో ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. ఆ అయిదు సెకన్లు చూసినవాళ్ళు పక్క బెంచీ పిల్లలే అయ్యుంటారు. వాళ్ళను అడిగి రాయండి.

బడి ఆవరణలో అంగన్‌వాడీ ఉంటే టీచరమ్మకు ఈ రెండు ముక్కలు చెప్పండి. ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లలకు జ్వరంతో వచ్చే ఫిట్ నూటికి ఇద్దరి నుంచి అయిదుగురిలో కనిపిస్తుంది. పావుగంటలోపే ఆగి, ఆ రోజుకు మళ్ళీ రాకపోతే దానికి ఏళ్ళ తరబడి మందులు అక్కర్లేదు, జ్వరానికి కారణం మాత్రం చూపించాలి. రెండోది కనపడితే ఒక్కరోజు కూడా ఆగకూడదు. ఏడాది లోపు బిడ్డ నిద్ర లేవగానే తల ముందుకు వాల్చి చేతులు చాపి దండం పెట్టినట్టు వంగడం, కొన్ని సెకన్లకోసారి వరసగా అలా చేయడం జడుపు కాదు, కడుపునొప్పీ కాదు. ఇన్‌ఫంటైల్ స్పాజమ్స్ కావచ్చు. ఆలస్యమైన ప్రతి వారం బిడ్డ ఎదుగుదలను తింటుంది. ఆ రోజే వీడియో తీసి జిల్లా ఆసుపత్రికి పంపించాలి. ఇంకో మాట: జలుబుకని చంటిబిడ్డకు కర్పూరం వాడకూడదు, అది ఒంట్లోకి పోతే ఫిట్స్ తెప్పిస్తుంది.

దక్షిణాదికి ప్రత్యేకమైన రకం ఒకటుంది. తలంటు పోసేటప్పుడు 40, 50 డిగ్రీల వేడినీళ్ళు చెంబుతో తల మీద గబగబా గుమ్మరిస్తే కొందరు పిల్లలకు చూపు నిలిచిపోయి, మాట తడబడి ఫిట్ వస్తుంది. దీని పేరే వేడినీళ్ళ మూర్ఛ. ఆదివారాలే వస్తోందంటే అమ్మవారు పూనిందని కాదు, ఆ రోజు తలస్నానమని. నీళ్ళ వేడి తగ్గించి, ముందు ఒళ్ళు తడిపి, తలను తడిగుడ్డతో తుడుస్తూ పోస్తే చాలామందికి ఆగిపోతుంది. ఆగనివాళ్ళకు మందు ఉంది. కాబట్టి మీ పుస్తకంలో "స్నానం చేస్తుండగా" అన్న మాట ఉంటే దాని విలువ ఎక్కువ.

ఫిట్ కానివి కూడా చెప్పాలి, ఎందుకంటే ఫిట్స్ మందులు మింగుతున్న పిల్లల్లో కొందరికి అసలు మూర్ఛే ఉండదు. ఎండలో అసెంబ్లీ, ప్రార్థన, ప్రతిజ్ఞ, ప్రసంగం. టిఫిన్ తినకుండా వచ్చిన పిల్ల కళ్ళు బైర్లు కమ్మాయని చెప్పి, పాలిపోయి, చెమటలు పట్టి వాలిపోతుంది. ఒకటి రెండు అదుర్లు కూడా కనపడొచ్చు, పది పదిహేను సెకన్లకు మించవు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెడితే అర నిమిషంలో లేచి తన పేరు చెబుతుంది. అది సొమ్మసిల్లడం. పెద్ద ఫిట్ తర్వాత పిల్ల అంత తొందరగా తేరుకోదు. పీఈటీలకు మాత్రం ఒక హెచ్చరిక: నిలబడి ఉండగా కాక, పరుగెత్తుతుండగా పిల్లవాడు కుప్పకూలితే దాన్ని సొమ్మసిల్లడమని గానీ ఫిట్ అని గానీ వదిలేయకండి. గుండె లయ తప్పే జబ్బులు అలాగే బయటపడతాయి. అదే రోజు ఈసీజీ తీయించాలి.

ఇక మనసులోని ఒత్తిడి ఒంటి మీద ఫిట్‌లా కనిపించే రకం. కళ్ళు గట్టిగా మూసుకుని ఉంటాయి, తల అటూ ఇటూ ఊగుతుంది, పది ఇరవై నిమిషాలు ఆగుతూ సాగుతూ ఉంటుంది. మూర్ఛలో కళ్ళు మామూలుగా తెరిచే ఉంటాయి. అందుకే "కళ్ళు తెరిచి ఉన్నాయా, మూసి ఉన్నాయా" అన్నది తప్పకుండా రాయమంటాం. ఇది నాటకం కాదు. చెంపలు వాయించడం, మిరపకాయ పొగ పెట్టడం వైద్యం కాదు, హింస. ఇంట్లోనో హాస్టల్లోనో ఆ పిల్లను ఏదో బాధిస్తోంది, కౌన్సెలింగ్ కావాలి. ఒకే మనిషికి మూర్ఛా ఇదీ రెండూ ఉండటం కూడా అరుదు కాదు.

రకం తెలిస్తే ఏం ఒరుగుతుందంటారా? ఫోకల్ ఫిట్స్‌కు చక్కగా పనిచేసే కార్బమజెపిన్, ఇందాక చెప్పిన ఆబ్సెన్స్‌నూ పొద్దుటి అదుర్లనూ ఇంకా పెంచుతుంది. ఫెనిటాయిన్ కూడా అంతే. పొద్దుటి అదుర్ల సంగతి ఎవరూ చెప్పకపోతే పెద్ద ఫిట్‌ను మాత్రమే విని డాక్టరు ఆ మందు రాయొచ్చు. పిల్ల మందులు సరిగ్గా వేసుకుంటూనే ఉంటుంది, జబ్బు పెరుగుతూనే ఉంటుంది, చివరికి "మందులు పనిచేయవు" అని ఆపేస్తారు. సరిగ్గా రకం తేల్చి మందు వాడితే మూర్ఛ ఉన్నవాళ్ళలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సరిగ్గా ఎంచిన రెండు మందులు సరైన మోతాదులో వాడినా ఆగకపోతే మూడో నాలుగో సీసాలు మార్చుకుంటూ ఏళ్ళు గడపకుండా ఆపరేషన్‌కు పనికొస్తుందేమో చూపించాలి. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో మూర్ఛకు ఆపరేషన్లు 1995 నుంచి చేస్తున్నారు.

పెద్ద ఫిట్ వచ్చినప్పుడు చేయాల్సింది తక్కువే. ముందు టైము చూడండి. పదునైనవీ గట్టివీ పక్కకు జరిపి, తల కింద బ్యాగో చున్నీయో మడిచిపెట్టండి. కళ్ళద్దాలు తీయండి, టై గానీ కాలర్ గానీ బిగుతుగా ఉంటే వదులు చేయండి. కొట్టుకోవడం తగ్గగానే, వీలైతే అంతకు ముందే, ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చొంగా వాంతీ బయటికి కారిపోతాయి, నాలుక వెనక్కి జారి గాలికి అడ్డం పడదు. పూర్తిగా తెలివి వచ్చేదాకా ఒకరు పక్కన కూర్చోవాలి. అంతే.

చేయకూడనివి దీనికంటే ఎక్కువ ఉన్నాయి. చేతిలో తాళాల గుత్తి పెట్టడం ఇప్పటికీ మొదట జరిగే పని. ఇనుముకూ మెదడులోని విద్యుత్తుకూ ఏ సంబంధమూ లేదు. ఫిట్ రెండు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది, పేరు తాళాలకు వస్తుంది. అయినా తాళాలు పెట్టినందువల్ల పెద్ద నష్టం లేదు, వాటి కోసం పరుగెత్తడంలో టైము చూడటం మరిచిపోవడమే నష్టం. నోట్లో చెంచా పెట్టడం మాత్రం ప్రమాదం. నాలుక మింగేయడం అన్నది జరగదు. పళ్ళు విరిగి ఊపిరిగొట్టంలోకి పోవడం, సాయం చేసినవాళ్ళ వేళ్ళు తెగడం జరుగుతాయి. నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కాళ్ళూ చేతులూ నలుగురు కలిసి అదిమిపెడితే భుజం కీలు తప్పొచ్చు. ఉల్లిపాయ, చెప్పు వాసనల గురించి రాసి కాగితం వృథా చేయం.

అయిదు నిమిషాలు. ఈ అంకె స్టాఫ్ రూమ్ గోడ మీద రాసిపెట్టండి. కొట్టుకోవడం అయిదు నిమిషాలు దాటితే అది దానంతటదే ఆగే అవకాశం తగ్గిపోతుంది, అరగంట దాటితే మెదడుకు శాశ్వతంగా దెబ్బ తగలొచ్చు. మన మండలాల్లో బడి నుంచి పెద్దాసుపత్రికి పట్టే దూరం లెక్కేసుకుంటే అయిదో నిమిషం దాకా ఆగి ఫోను వెతుక్కోవడం కూడా ఆలస్యమే. మూడో నిమిషానికే ఒకరి చేతిలో ఫోను సిద్ధంగా ఉండాలి. తెలివి రాకుండానే రెండోది వచ్చినా, నీళ్ళలో వచ్చినా, తలకు దెబ్బ తగిలినా, ఆ పిల్లకు అదే మొదటి ఫిట్ అయినా, చక్కెర జబ్బున్న పిల్ల అయినా గడియారంతో పనిలేదు, వెంటనే 108.

కొందరు పిల్లల బ్యాగులో ఫిట్‌ను ఆపడానికి ముక్కులో కొట్టే మిడజొలామ్ స్ప్రే ఉంటుంది. డాక్టరు రాసిచ్చిన చీటీ, మోతాదు మీ దగ్గర ఉంటేనే వాడండి. మోతాదు బరువును బట్టి, కిలోకు 0.2 మిల్లీగ్రాములు. అంటే 25 కిలోల పిల్లకు 5 మిల్లీగ్రాములు. ఇక్కడే పొరపాటు జరుగుతుంది: ఒక్కో నొక్కుకు 0.5 మిల్లీగ్రాములు వచ్చే సీసాలున్నాయి, 1.25 వచ్చేవీ ఉన్నాయి. మొదటిదైతే పది నొక్కులు, రెండోదైతే నాలుగు. సగం ఒక ముక్కులో, సగం రెండో ముక్కులో. సీసా మారినప్పుడల్లా తల్లిదండ్రుల చేత నొక్కుల లెక్క కొత్తగా రాయించుకోండి. స్ప్రే కొట్టాక ఊపిరి గమనిస్తూనే ఉండాలి, 108కు ఫోను ఎలాగూ చేయాలి.

హాస్టల్ వార్డెన్లకు మందుల గురించి. ఫిట్ రావడానికి పెద్ద కారణం మందు మానేయడం. సెలవులకు ఇంటికి పోయి మందుల కవరు అక్కడే మరిచిపోయి వచ్చిన పిల్లకు మూడో రోజో నాలుగో రోజో ఫిట్ వస్తుంది. సంక్రాంతి, దసరా సెలవుల నుంచి తిరిగొచ్చిన రోజు ట్రంకు పెట్టె తెరిపించి మాత్రలు లెక్కపెట్టించండి. పది రోజులకు తక్కువ ఉంటే ఆ రోజే ఇంటికో పీహెచ్‌సీకో కబురు పెట్టండి, చివరి మాత్ర దాకా ఆగొద్దు. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేయాలి. తర్వాతి పూట వేళ అయిపోయిందా, అప్పుడు ఒక్క మోతాదే, రెండు కలిపి కాదు. కంపెనీ మారినా మాత్ర మిల్లీగ్రాములు అవేనా అని చూసుకోండి. ఫెనిటాయిన్‌లో ఇది మరీ ముఖ్యం. మోతాదు కొంచెం పెరిగినా రక్తంలో మందు చాలా పెరిగిపోతుంది, పిల్ల తూలుతూ నడుస్తుంది, కళ్ళు ఆడుతుంటాయి. ఆ పిల్లను తాగొచ్చిందని అనుమానించే ముందు మందు చీటీ చూడండి. కొత్తగా కార్బమజెపిన్, ఫెనిటాయిన్, లామోట్రిజిన్ మొదలుపెట్టిన మొదటి రెండు నెలల్లో ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుండ్లు, జ్వరం వస్తే వేడి చేసిందని మజ్జిగ తాగించి ఊరుకోకండి. అదే రోజు డాక్టరుకు చూపించాలి. లెవెటిరాసిటామ్ మొదలుపెట్టాక కొందరు పిల్లలు చిరాకు, కోపం చూపిస్తారు, అదీ రాసిపెట్టాల్సిందే.

వాల్‌ప్రోయేట్ మంచి మందే, కానీ కడుపుతో ఉండగా వాడితే నూటికి దాదాపు పదిమంది బిడ్డలకు పుట్టుకతో లోపాలొస్తాయి. ఎదిగిన ఆడపిల్ల చీటీలో ఆ పేరు కనపడితే, డాక్టరుతో ఈ విషయం మాట్లాడారా అని తల్లిని అడగండి. సొంతంగా ఆపించొద్దు. ఏ ఫిట్స్ మందైనా ఒక్కసారిగా ఆపితే ఆగని ఫిట్ రావచ్చు. సాధారణంగా రెండేళ్ళు ఫిట్ లేకుండా గడిచాకే ఆపడం గురించి ఆలోచిస్తాం, అప్పుడైనా నెలల మీద తగ్గిస్తూ పోతాం. ఉపవాసాలుంటామన్న పిల్లలు కూడా ముందు డాక్టరుతో మాట్లాడి మాత్రల వేళలు సర్దుకోవాలి.

ఈ పిల్లలను ఆటలు మాన్పించకండి. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, పరుగు అన్నీ ఆడొచ్చు. నీళ్ళు, ఎత్తు, నిప్పు, ఈ మూడింటి దగ్గర మాత్రం తోడుండాలి. మన జిల్లాల్లో చెరువు, కాలువ, రొయ్యల గుంట, సముద్రం ఏదో ఒకటి ప్రతి ఊరికీ దగ్గరే. మైపాడుకో కొత్తపట్నానికో విహారయాత్ర తీసుకెళ్ళినా, రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువులో దిగినా చేయి అందేంత దూరంలో ఈ సంగతి తెలిసిన పెద్దవాళ్ళు ఒకరుండాలి. హాస్టల్లో స్నానాల గది గడియ పెట్టకుండా, తొట్టిలో దిగకుండా బకెట్టు, చెంబుతో పోసుకోవాలి. రెండంచెల మంచాల్లో కింది మంచం ఇవ్వండి. గదిలో ఒంటరిగా పడుకోబెట్టకండి. రాత్రి నిద్రలో పెద్ద ఫిట్ వచ్చి, ఎవరూ చూడక ప్రాణం పోవడం అరుదే అయినా ఉంది. మూర్ఛ ఉన్న పిల్లల్లో ఏడాదికి సుమారు 4,500 మందిలో ఒకరు. పక్క మంచం పిల్లకు ఒక పక్కకు తిప్పడం నేర్పండి.

మధ్యాహ్న భోజనం సంగతి కూడా ఇందులోకే వస్తుంది. మన దేశంలో పిల్లలకూ పెద్దలకూ వచ్చే మూర్ఛకు ఒక ముఖ్య కారణం మెదడులో చేరే బద్దెపురుగు తిత్తి. పంది మాంసం తినేవాళ్ళకే వస్తుందనుకుంటారు. సరిగ్గా ఉడకని మాంసంతో వచ్చేది పేగులోని పురుగు. మెదడులోకి చేరేది ఆ పురుగు గుడ్లు, అవి పురుగున్న మనిషి మలం నుంచి చేతుల ద్వారా, నీళ్ళ ద్వారా, పచ్చిగా తినే కూరల ద్వారా ఎవరి నోట్లోకైనా పోతాయి. ముక్క ముట్టని ఇళ్ళ పిల్లల్లోనూ ఈ తిత్తులు చూస్తున్నాం. కాబట్టి మరుగుదొడ్డి దగ్గర సబ్బు, నీళ్ళు, వంటమ్మ చేతుల శుభ్రత, కొత్తిమీర, క్యారెట్టు, దోసకాయ బాగా కడగడం, ఇవి మూర్ఛను ఆపే పనులే. ఇంకొకటి. నులిపురుగుల నిర్మూలన దినాల్లో, అంటే ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న, బడిలో ఇచ్చే 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ అందరికీ మంచిదే గానీ, మెదడులో తిత్తి ఉన్న పిల్లకు అది తిత్తి చుట్టూ వాపు తెప్పించి ఫిట్ రప్పించవచ్చు. ఫిట్స్ ఉన్న పిల్లలకు ఆ మాత్ర వేసే ముందు వాళ్ళ డాక్టరును అడిగించండి.

తల్లిదండ్రులు చాలామంది ఈ జబ్బును మీ దగ్గర దాస్తారు, ఆడపిల్లయితే ఇంకా ఎక్కువగా. పెళ్ళి కాదేమోనని. హిందూ వివాహ చట్టంలో ఒకప్పుడు ఉన్న "మూర్ఛ" అన్న మాటను 1999లోనే తీసేశారు. చట్టం వదిలేసినా ఊరు వదల్లేదు కాబట్టి వాళ్ళ భయం అర్థం చేసుకోవాల్సిందే. అడ్మిషన్ ఫారంలో అందరి ముందూ అడగకుండా, తల్లిని పక్కకు పిలిచి అడగండి. చెప్పినందుకు టీసీ చేతిలో పెడితే మరో తల్లి చెప్పదు. పిల్లల ఆరోగ్యం చూడటానికి బడులకు తిరిగే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) బృందాలు చూడాల్సిన జాబితాలో ఫిట్స్ కూడా ఉన్నాయి. వాళ్ళు వచ్చిన రోజు ఈ పిల్లల పేర్లు మీరే అందించండి.

చివరగా ఆ పుస్తకం. వంద పేజీల నోటుబుక్కు చాలు, హెచ్ఎం బీరువాలో ఉండాలి, అందరూ చదివేలా బల్ల మీద కాదు. ఫిట్ వచ్చినప్పుడు ఒకరు పిల్లను చూసుకుంటుంటే రెండోవాళ్ళు ఫోనులో వీడియో తీయొచ్చు. ముఖం, చేతులు, కాళ్ళు అన్నీ కనపడేలా, మధ్యలో పేరు పెట్టి పిలుస్తూ. ఆ వీడియో తల్లిదండ్రులకు పంపి మీ ఫోనులోంచి తీసేయండి. వాట్సాప్ గ్రూపులో పడితే ఆ పిల్ల మళ్ళీ బడికి రాదు. రాసేటప్పుడు "పెద్ద ఫిట్ వచ్చింది", "భయంకరంగా కొట్టుకుంది" లాంటివి మాకు ఉపయోగపడవు. ఇలా ఉంటే చాలు:

"తొమ్మిదో తరగతి. ఉదయం 10.20, సోషల్ క్లాసు. ముందు కడుపులో ఏదోలా ఉందని పక్క అమ్మాయితో చెప్పింది. తల ఎడమకు తిరిగింది, కళ్ళు తెరిచే ఉన్నాయి, పెదాలు చప్పరించింది, కుడిచేత్తో పెన్ను లాగుతూ ఉంది. పిలిస్తే పలకలేదు. సుమారు ఒక నిమిషం 10 సెకన్లు. కింద పడలేదు, ఒంటేలు లేదు. 10.28కి తన పేరు చెప్పింది, 10.35కి ఏ క్లాసో చెప్పింది. రాత్రి 1 దాకా చదివిందట. నిన్న రాత్రి మాత్ర వేసుకోలేదు, అయిపోయాయట."

ఇట్లు,
నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మూర్ఛ రోగులను చూసే డాక్టర్లం, నర్సులం, ఫార్మసిస్టులం, ఈఈజీ టెక్నీషియన్లం